రాష్ట్రం మారితే డ్రైవింగ్ లైసెన్స్ కూడా మార్చుకోవాలా? పుదుచ్చేరి వెళ్లే తెలుగువాళ్లు ముందు చూసుకోవాల్సిన తేదీ ఏది?

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రోడ్డు మీద మురుంగపాక్కం దగ్గర కాసేపు నిలబడితే, పీవై నంబరు బళ్ల మధ్య టీఎన్ నంబరు బళ్లు కూడా మామూలుగా తిరుగుతుంటాయి. ఇదే రోడ్డులో దక్షిణంగా అరియాంకుప్పం, తవళకుప్పం దాటి ముళ్లోడై చేరేసరికి కేంద్రపాలిత ప్రాంతం అయిపోయి తమిళనాడు మొదలవుతుంది. పొద్దున్నే కడలూరులో పనికెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే మనిషి రోజుకు రెండుసార్లు రాష్ట్రం సరిహద్దు దాటుతాడు. లైసెన్స్ ఏ రాష్ట్రానిదనే ఆలోచనే ఆయనకు రాదు.

కానీ రాజమహేంద్రవరం నుంచో ఖమ్మం నుంచో ఉద్యోగం మీద వచ్చి ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్న వాళ్లకు మాత్రం మొదటి నెలలోనే సందేహం మొదలవుతుంది. జేబులో ఉన్నది ఆంధ్రప్రదేశ్ లైసెన్స్. ఇప్పుడు ఉంటున్నది పుదుచ్చేరి. దీన్ని ఇక్కడికి 'ట్రాన్స్‌ఫర్' చేయించుకోవాలా? చేయించకపోతే పోలీసులు ఫైన్ వేస్తారా?

అక్కర్లేదు. వేయకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 13 ప్రకారం దేశంలో ఎక్కడ ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్స్ అయినా దేశమంతటా చెల్లుతుంది. కాకినాడలో తీసుకున్న లైసెన్స్‌తో మురుంగపాక్కంలో పదేళ్లు బండి నడిపినా, ఆ లైసెన్స్ గడువు లోపల ఉన్నంతకాలం అది తప్పు కాదు.

మరి ఈ 'ట్రాన్స్‌ఫర్' అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? కొంత అమెరికా నుంచి వచ్చి ఉంటుంది. అక్కడ లైసెన్స్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇచ్చేది. కాలిఫోర్నియాలో స్థిరపడినవాళ్లు 10 రోజుల్లోపు అక్కడి లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవాలి, టెక్సాస్‌లో అయితే 90 రోజులు. డాలస్‌లోనో శాన్‌హోసేలోనో ఉన్న బంధువులు చెప్పే ఈ సంగతులు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి ఇక్కడి నియమాల్లా చలామణీ అవుతుంటాయి. ఇంకొంత మన దగ్గరే బళ్ల రిజిస్ట్రేషన్ నియమాల నుంచి వచ్చింది. బండికి రాష్ట్రం మార్పు ఉంది, మనిషి లైసెన్స్‌కు లేదు. ఈ రెండూ కలిసిపోవడమే అసలు గందరగోళం.

రెండో లైసెన్స్ మాత్రం తీసుకోవద్దు

ఈ గందరగోళంలో కొందరు పక్కదారి పడతారు. పాతది అలాగే ఉంచుకుని, కొత్త ఊళ్లో ఎల్‌ఎల్‌ఆర్ నుంచి మొదలుపెట్టి మరో లైసెన్స్ తీసుకోవడం సులువని ఎవరో చెబుతారు. చట్టంలోని సెక్షన్ 6 దీన్ని నేరుగా నిషేధిస్తోంది. చెల్లుబాటులో ఉన్న లైసెన్స్ ఒకటి ఉండగా ఇంకొకటి ఉంచుకోకూడదు. కాగితాల రోజుల్లో ఇది బయటపడేది కాదు. ఇప్పుడు చాలా రాష్ట్రాల లైసెన్సుల వివరాలు కేంద్రం నడిపే 'సారథి' వ్యవస్థలో ఉన్నాయి. 2019 సవరణతో లైసెన్సుల జాతీయ రిజిస్టర్‌కు చట్టంలోనే చోటు దొరికింది. లైసెన్స్ లేదని అబద్ధం చెప్పి తీసుకున్న రెండోది రద్దయితే, ఆ మనిషి మొదటిదాని మీద కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

అసలు చూడాల్సింది గడువు తేదీ

రాష్ట్రం మారిన వాళ్లు కంగారు పడాల్సిన విషయం ఒకటుంది. అది లైసెన్స్ మీద చిన్న అక్షరాల్లో ఉండే చెల్లుబాటు తేదీ.

2019 సవరణకు ముందు, 50 ఏళ్ల లోపు వాళ్లకు సొంత బళ్లు నడిపే లైసెన్స్ 20 ఏళ్లకు లేదా 50 ఏళ్లు నిండేదాకా, ఏది ముందైతే అంతవరకు ఇచ్చేవాళ్లు. అంటే 2006లో 24 ఏళ్ల వయసులో లైసెన్స్ తీసుకున్న మనిషికి అది 2026లో ముగుస్తుంది. అదే ఏడాది 35 ఏళ్ల వయసులో తీసుకున్న మనిషికి 2021లోనే అయిపోయింది. చాలామందికి ఈ సంగతి గుర్తుండదు. ఇరవై ఏళ్లంటే చదువు అయిపోయి, రెండు మూడు ఉద్యోగాలు మారి, రెండు రాష్ట్రాలు దాటిపోయే కాలం. ఈ మధ్యలో ఉమ్మడి ఆంధ్రప్రదేశే రెండు రాష్ట్రాలైంది.

ఇప్పటి నియమం వేరు. 30 ఏళ్ల లోపు వాళ్లకు 40 నిండేదాకా, 30 నుంచి 50 మధ్య వాళ్లకు పదేళ్లకు, 50 నుంచి 55 మధ్య వాళ్లకు 60 నిండేదాకా, ఆపైన వాళ్లకు ఐదేళ్లకు ఇస్తారు. ఆటోలు, టాక్సీలు, లారీల వంటి ట్రాన్స్‌పోర్టు బళ్లు నడిపేవాళ్లకు ఐదేళ్లే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. గడువు ముగిశాక ఏడాది లోపల రెన్యువల్‌కు దరఖాస్తు చేస్తే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష అక్కర్లేదు. దీన్ని చాలామంది "ఇంకా ఏడాది టైముంది" అని అర్థం చేసుకుంటారు. టైము ఉన్నది దరఖాస్తుకే, బండి నడపడానికి కాదు. గడువు దాటాక కూడా 30 రోజులు లైసెన్స్ చెల్లుతుందనే పాత వెసులుబాటును 2019 సవరణ తీసేసింది. గడువు తర్వాత చేసిన రెన్యువల్ కూడా రెన్యువల్ చేసిన రోజు నుంచే అమల్లోకి వస్తుంది. మధ్యలో ఉన్న ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది.

ఆ ఖాళీలో బండి నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్లే. సెక్షన్ 181 కింద 5,000 రూపాయల జరిమానా. అదైనా కట్టేసి బయటపడొచ్చు. ప్రమాదం జరిగితే అంత తేలిగ్గా పోదు. సొంత బండి మరమ్మతుకు పెట్టుకున్న క్లెయిమ్‌ను తిరస్కరించడానికి బీమా కంపెనీకి ఇదొక బలమైన కారణం. అవతలి మనిషికి దెబ్బలు తగిలితే పరిహారం సంగతి ఇంకో రకం. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం, లైసెన్స్ విషయంలో పాలసీ షరతు తప్పారన్న ఒక్క కారణంతో కంపెనీ బాధితుడికి ముఖం చాటేయలేదు. ముందు బాధితుడికి చెల్లించి, తప్పు రుజువైతే ఆ డబ్బును బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. అంటే 200 రూపాయల రెన్యువల్‌ను వాయిదా వేసిన మనిషి నెత్తిన లక్షల బాకీ పడే అవకాశం ఉంది.

ఏడాది కూడా దాటిపోతే రెన్యువల్‌కు మళ్లీ పరీక్ష రాయాలి, బండి నడిపి చూపించాలి, ఆలస్యమైన ఒక్కో ఏడాదికి వెయ్యి చొప్పున అదనపు ఫీజు కట్టాలి.

సొంతూరు వెళ్లాలా?

రెన్యువల్ కోసం రైలు టికెట్ కొనాల్సిన పని లేదు. సెక్షన్ 15 ప్రకారం ఏ లైసెన్సింగ్ అధికారి అయినా రెన్యువల్ చేయవచ్చు. లైసెన్స్ ఇచ్చిన కార్యాలయం వేరైతే, ఈ సంగతి దానికి తెలియజేయాల్సింది అధికారే. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మురుంగపాక్కంలో ఉండేవాళ్లకు ఇదింకా దగ్గర. పుదుచ్చేరి రవాణా శాఖ కార్యాలయం పక్కనే ముదలియార్‌పేటలో, నూరడుగుల రోడ్డు మీద ఉంది. మన దగ్గర ఆర్టీఏ ఆఫీసు అనేదాన్ని ఇక్కడ ఆర్టీఓ అంటారు, అంతే తేడా.

దరఖాస్తు పరివాహన్ వెబ్‌సైట్‌లోని సారథి ద్వారా మొదలవుతుంది. రాష్ట్రం దగ్గర పుదుచ్చేరిని ఎంచుకోవాలి. పాత లైసెన్స్ ఏ రాష్ట్రానిదో చూసి ఆ రాష్ట్రాన్ని ఎంచుకుంటే దరఖాస్తు అక్కడికే పోతుంది. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. దరఖాస్తుకు ఫారం 2, ఆరోగ్యం గురించి స్వీయ ప్రకటనకు ఫారం 1, 40 ఏళ్లు దాటిన వాళ్లకు, ట్రాన్స్‌పోర్టు లైసెన్సుల వాళ్లకు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. కేంద్ర నియమాల ప్రకారం రెన్యువల్‌కు 200, చిరునామా మార్పుకు 200 రూపాయలు ఫీజు. కార్డు ఖర్చు, స్థానిక రుసుములు దీనికి అదనం.

ఆధార్‌లో పుదుచ్చేరి చిరునామా ఉంటే పని తేలికవుతుంది. ఆధార్ ధ్రువీకరణతో ఆఫీసుకు వెళ్లకుండా చేసుకునే సేవల జాబితాను కేంద్రం 2021 మార్చిలో ప్రకటించింది. పరీక్ష అవసరం లేని రెన్యువల్, లైసెన్స్‌లో చిరునామా మార్పు రెండూ అందులో ఉన్నాయి. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు అద్దె ఒప్పందం చేతికి రాగానే ముందు ఆధార్ చిరునామా మార్చుకోవడం మంచిది. లైసెన్స్ కార్డు మీద చిరునామా వెంటనే మారకపోయినా బండి నడపడానికి అడ్డు లేదు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. సారథిలో లైసెన్స్ నంబరు 15 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. మొదట రాష్ట్రం, తర్వాత కార్యాలయం, జారీ చేసిన సంవత్సరం, చివర ఏడు అంకెలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో ఇచ్చిన చాలా కార్డుల మీద నంబరు ఈ పద్ధతిలో లేదు. తెలంగాణ అయితే చాలా ఏళ్లు కేంద్రం సాఫ్ట్‌వేర్‌లో చేరకుండా సొంత వ్యవస్థ నడిపింది. కాబట్టి ఖమ్మం లైసెన్స్ నంబరు కొట్టగానే పుదుచ్చేరి కంప్యూటర్‌లో వివరాలు రాకపోవచ్చు. అప్పుడు లైసెన్స్ చెల్లదని కాదు, రికార్డు ఇక్కడ కనిపించడం లేదని మాత్రమే. పాత కార్యాలయం ఆ రికార్డును నిర్ధారించాలి, లేదా సారథిలోకి ఎక్కించాలి. ఇది దూరం నుంచి చేయించుకోవడం ఓపికతో కూడిన పని. ఊరు వదలకముందే నంబరు, పుట్టిన తేదీ కొట్టి పరివాహన్‌లో వివరాలు వస్తున్నాయో లేదో చూసుకుంటే, రాకపోతే అక్కడున్నప్పుడే సరిచేయించుకుంటే ఈ బాధ ఉండదు.

బండి సంగతి వేరు

లైసెన్స్‌లా కాకుండా, బండికి రాష్ట్రంతో లెక్క ఉంది. ఎందుకంటే రోడ్డు పన్ను రాష్ట్రానిది. సెక్షన్ 47 ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. ముందు పాత ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. బండి మీద అప్పుంటే బ్యాంకు అంగీకారం కావాలి. చలానాలు బాకీ ఉంటే అక్కడే ఆగుతుంది. కొత్తచోట పన్ను కట్టాక, పాత రాష్ట్రంలో కట్టిన జీవిత పన్నులో మిగిలిన కాలానికి తగిన భాగం వాపసు అడగొచ్చు. తరచూ బదిలీలయ్యే ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 2021 సెప్టెంబరు నుంచి బీహెచ్ సిరీస్ నంబరు అందుబాటులో ఉంది. దానికి నంబరు మార్పు తిప్పలు లేవు.

పన్ను తక్కువని పుదుచ్చేరి చిరునామా చూపించి ఖరీదైన కార్లు రిజిస్టర్ చేయించి వేరే రాష్ట్రాల్లో తిప్పడం పాత కథే. 2017లో కేరళలో దీని మీద పెద్ద దుమారమే రేగింది. 2021 ఆగస్టులో హైదరాబాద్‌లోనూ ఇలాంటి కార్లను రవాణా అధికారులు పట్టుకున్నారు. అందువల్ల పీవై నంబరు కారు తెలుగు రాష్ట్రాల్లో తిరిగితే యజమాని నిజంగానే పుదుచ్చేరి వాసి అయినా అనుమానపు చూపులు తప్పవు.

ఇక యానాం వాళ్ల లెక్క అందరికీ తలకిందులు. యానాం నుంచి పుదుచ్చేరి 800 కిలోమీటర్ల పైనే. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు దాటుకుని రావాలి. అయినా చట్టం దృష్టిలో వాళ్లు రాష్ట్రం మారలేదు. పీవై-04 నంబరు బండిని తెచ్చుకుని మురుంగపాక్కంలో ఎన్నేళ్లయినా అదే నంబరుతో తిప్పుకోవచ్చు. సెక్షన్ 49 ప్రకారం 30 రోజుల్లో ఆర్సీలో చిరునామా మార్పు తెలియజేస్తే చాలు. అదే మనిషి యానాం నుంచి పక్కనే ఉన్న కాకినాడకు కాపురం మార్చి ఏడాది దాటితే మాత్రం బండికి ఏపీ నంబరు తీసుకోవాల్సిందే.

లైసెన్స్‌కు ఆ ఎన్‌ఓసీలు, పన్నులు ఏవీ లేవు. పాత కార్డు మీద తేదీ మసకబారి చదవలేకపోతే డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో చూసుకోవచ్చు. ట్రాఫిక్ తనిఖీల్లో చూపించడానికి కూడా అవి చెల్లుతాయి.