ఊరి కథకు కల్పన అక్కర్లేదు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. ఆనాటి పెద్దల్లో చాలామంది లేరు. గాలి ఎటునుంచి మొదలైంది, నీళ్లు ఇంట్లోకి ఎలా వచ్చాయి, దేన్ని పట్టుకుని బతికారు అన్నవి సర్కారు లెక్కల్లో దొరికేవి కావు. చూసినవారు రాయాలి, లేదా వారు చెబుతుంటే మరొకరు రాసుకోవాలి.

ప్రతి ఊరికీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. వరద కావచ్చు, కరువు కావచ్చు, వలస కావచ్చు. రాయమంటే మాత్రం 'మేమేం రచయితలమా?' అని వెనకాడతారు. జరిగినదాన్ని కథలా చదివించేటట్టు, అందులో ఒక్క అబద్ధమైనా లేకుండా రాయడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. చదివి, నలుగురిలో కూర్చుని నేర్చుకునేదే.

చదవడమే తొలి బడి

తెలుగులో ఇందుకు మంచి గురువులున్నారు. ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో చూసింది ఎప్పటికప్పుడు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపారు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. అందులో గుళ్లూ గోపురాలే కాదు, ఊరికీ ఊరికీ మధ్య దూరం, దారి తీరు, ఎక్కడ ఏం దొరుకుతుందో కూడా ఉంది. అప్పటికి అవి మామూలు సంగతులు. దాదాపు 200 ఏళ్ల తర్వాత అవే విలువైనవయ్యాయి.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891-1961) స్వీయచరిత్ర 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ' మరో పాఠం చెబుతుంది. గోదావరి సీమలో ఇళ్లల్లో పలికే తెలుగే అందులో వినిపిస్తుంది. రాతకోసం వేరే భాష తెచ్చుకోనక్కర్లేదు.

ఇక చెప్పేవారే రాయాలనీ లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళలు చెప్పిన అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వెలువరించింది. ఓపికగా వినేవారుంటే మాట పుస్తకమవుతుంది.

నలుగురు కూర్చుంటే

రచనా శిబిరాల్లో జరిగేది పెద్ద మాయేం కాదు. ఎనిమిది, పదిమంది కూర్చుంటారు. ఒకరు తాము రాసిన పేజీ పైకి చదువుతారు. మిగతావారు పొగడరు, తిట్టరు, ప్రశ్నలు వేస్తారు. అప్పుడు పొద్దెంతయింది? పక్కన ఎవరున్నారు? ఆమె ఆ మాటే అన్నదా? విన్నవారికి విసుగు పుట్టిన చోట రాసినవారు కొట్టివేస్తారు, అర్థంకాని చోట మళ్లీ రాస్తారు.

'ఆ ఏడు కరువు భయంకరంగా ఉంది' అని ఒకరు చదివారనుకోండి. 'మీ ఇంట్లో ఏం జరిగింది?' అని అడుగుతారు. 'గడ్డి లేక రెండెద్దులనూ సంతకు తోలాం' అన్న జవాబు వస్తుంది. రాయవలసింది ఆ వాక్యమే. ఇందుకు శాఖా గ్రంథాలయమైనా, బడి వరండా అయినా, ఇంటి అరుగైనా చాలు.

గీత దాటరాదు

కథలా రాయడమంటే కల్పించడం కాదు. ఎవరూ అనని మాట వారి నోట పెడితే, నిజమైన మాటలను కూడా ఊరు నమ్మదు. జ్ఞాపకం మోసం చేస్తుంది కనుక బడి రిజిస్టరుతో, పాత ఉత్తరాలతో, శుభలేఖలతో తేదీలు సరిచూసుకోవాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో తెలపాలి.

పల్లెలో మరో చిక్కు ఉంది. ఎవరి గురించి రాశామో వారు మర్నాడు చెరువుగట్టు మీద ఎదురుపడతారు. అందుకని ఇంటి గుట్టు ఉన్న చోట ముందుగా వారికి చదివి వినిపించి, ఒప్పుకుంటేనే బయటపెట్టాలి. పేరు మార్చితే మార్చినట్టు పాఠకుడికి చెప్పాలి.

ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను ఉంటే ఈ పనికి చాలు. ఊళ్లో అందరికంటే వయసు మళ్లినవారి దగ్గర ఒక సాయంత్రం కూర్చుని, పైన తేదీ వేసి, వారన్న మొదటి మాటను అన్నట్టే రాసుకుంటే పని మొదలైనట్టే. ఆ పని వాయిదా వేయడానికి మాత్రం వ్యవధి లేదు.