టెక్సస్ బార్బెక్యూ బండి: చక్రములపై ఒక వంటయిల్లు

బండిమీద అమ్మెడు తినుబండారములు మన తెలుగువారికి క్రొత్త కావు. సాయంకాలము వీధి మలుపున మిరపకాయ బజ్జీల బండి, తెల్లవారకముందే బస్సు స్టాండు ఎదుట ఇడ్లీ బండి, విశాఖ సముద్రతీరమున ముంతమసాలా బండి - వీనిని ఎరుగని గృహస్థుడు లేడు. నాలుగు చక్రములు, ఒక పలక, ఒక పొయ్యి, పైన రేకు కప్పు సమకూరిన చాలును, బండి సిద్ధమగును. కాని ఆ పొయ్యి అరటన్ను బరువుగల ఇనుప పీపా యైనచో, ఆ బండి మోటారుకారు వెనుక గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవలసివచ్చినచో, అందు వండెడు పదార్థము 12 గంటలు వేడిలో ఉండవలసినచో, దాని నెట్లు కట్టవలెను? అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున ఎందరో చిరువర్తకులు తాము కూడబెట్టిన ధనమును ఇట్టి ఒక్క బండిమీద పెట్టుచున్నారు. దాని నిర్మాణమును గూర్చి నేడు ముచ్చటింతము.

టెక్సస్‌లో వంటబండికి దీర్ఘచరిత్ర కలదు. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అను పశువుల వర్తకుడు, సైన్యము వాడి విడిచిన బండిని తీసికొని, దాని వెనుకభాగమున అరలుగల చెక్కపెట్టె నమర్చెను. పెట్టె మూతను క్రిందికి వాల్చిన అదియే వంటబల్ల యగును. బండి ప్రక్కన నీటిపీపా ఉండెడిది. నెలల తరబడి మందలను తోలుకొనిపోవు పశుపాలకులకు అదియే వంటయిల్లు. 1872లో దేశపు ఈశాన్యభాగమున నున్న ప్రావిడెన్స్ నగరములో వాల్టర్ స్కాట్ అను నాతడు గుఱ్ఱపుబండినుండి రాత్రివేళ పత్రికా కార్యాలయముల పనివారికి ఫలహారములు అమ్మెను. నవలలు వ్రాసిన వాల్టర్ స్కాట్ వేరు. ఇటీవలి కాలమునకు వచ్చినచో, 2009లో ఆస్టిన్ నగరమున ఏరన్ ఫ్రాంక్లిన్ దంపతులు ఒక ట్రైలరునుండి బార్బెక్యూ అమ్మసాగిరి. 2011లో దుకాణమునకు మారిరి. 2015లో ఏరన్‌కు జేమ్స్ బియర్డ్ పురస్కారము లభించెను.

ఆ మార్గమున నడువగోరువారు అనేకులు. అయితే వంటయందు ఎంత నేర్పరియైనను, బండి కట్టుటలో పొరపాటు పడినచో ఆ నేర్పు అక్కరకు రాదు. పొగ, బరువు, నీరు - ఈ మూడింటికిని మొదట కాగితముమీద చోటు చూపవలెను. ఇనుము అతికిన పిదప చూపుట దుర్లభము. మేము చెప్పదలచినదెల్ల ఈ మాటకు వివరణమే.

బార్బెక్యూ యనగా బొగ్గులమీద కాల్చెడు కబాబు వంటిది కాదు. నిప్పు ఒక చోటను, మాంసము వేరొక చోటను ఉండును. కట్టెల పొగతో కూడిన వేడిగాలి నిప్పునుండి మాంసము మీదుగా ప్రవహించును. మధ్య టెక్సస్‌లో ఇందుకు ముఖ్యమైనది ఎద్దు రొమ్ముమాంసము. ఆ కండరము పశువు దేహభారమును నిత్యము మోయును గనుక అందు కొల్లాజెన్ అను గట్టిపదార్థము అధికము. తొందరపడి కాల్చినచో అది తోలువలె సాగును. 110 మొదలు 135 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల గాలిలో 10, 12 గంటలు నిదానముగ వండినచో ఆ కొల్లాజెన్ కరగి జెలటిన్‌గా మారును. మాంసపు లోపలివేడి 93 డిగ్రీల ప్రాంతమునకు వచ్చుసరికి మెత్తబడును. హైదరాబాదులో హలీమును గంటల తరబడి సన్నని సెగపై ఉడికించుటలోని సూత్రమే ఇదియు. అచట నీరు చేయు పనిని ఇచట పొగగాలి చేయును.

ఈ పనికి వాడు పొయ్యి రూపము సులభముగ గ్రహింపవచ్చును. అడ్డముగ పరుండబెట్టిన పొడవైన ఉక్కు పీపా ఒకటి. అదియే మాంసపు గది. దాని ఒక కొనకు, కొంచెము దిగువగా, నిప్పుగూడు అతుకుదురు. రెండవ కొనయందు పొగగొట్టము నిలుపుదురు. వేడెక్కిన గాలి గొట్టమున పైకి పోవుచు, నిప్పుగూటినుండి క్రొత్తగాలిని లాగుకొనును. ఈ లాగుడు చక్కగా నున్నచో కట్టె స్వచ్ఛముగ మండి, కంటికి కానరానంత పలుచని నీలిపొగ వచ్చును. గాలి చాలక కట్టె మూలిగినచో దట్టమైన తెల్లపొగ వచ్చి మాంసమునకు చేదు పట్టును. ఆ ప్రాంతమున ఎక్కువగా వాడునది పోస్ట్ ఓక్ అను జాతి కట్టె. పచ్చికట్టె పనికిరాదు; నెలల తరబడి ఆరినదే కావలెను. కావున బండిలో ఎండుకట్టెలకును తడియని చోటు చూపవలెను.

ఈ పీపాకొరకు 500 గ్యాలన్ల, అనగా సుమారు 1,900 లీటర్ల, పాత ప్రొపేను వాయువు తొట్టిని వాడుట పరిపాటి. వట్టి తొట్టియే సుమారు 430 కిలోలు తూగును. ఇచట మొదటి ప్రమాదము పొంచియున్నది. ఏండ్ల తరబడి ఖాళీగా పడియున్న తొట్టిలోనైనను వాయువు మిగిలియుండవచ్చును. దానిపై నిప్పురవ్వ పడినచో పీపా బాంబువలె ప్రేలును. అందువలన అనుభవజ్ఞులు దానిని కడిగి, అంచువరకు నీటితో నింపి, వాయువునకు చోటు లేకుండ చేసిన పిదపనే మొదటి కోత కోయుదురు. ఇది నేర్చుకొనుచు చేయదగిన పని కాదు. అట్లే జస్తుపూత గల రేకులను గొట్టములను నిప్పు సోకు చోట వాడరాదు. వాటిని అతుకునపుడు వెలువడు ఆవిరి పీల్చినవారికి జ్వరము కలిగించును.

రెండవ విషయము బరువు. రెండు చక్రముల ఎడ్లబండిలో ధాన్యపు బస్తాలు సర్దెడు రైతునకు ఈ శాస్త్రము చిన్ననాటనే తెలియును. బస్తాలు వెనుకకు చేరినచో కాడి పైకి లేచి ఎద్దుల గొంతు బిగియును. ముందుకు చేరినచో భారమంతయు వాటి మెడలమీద పడును. ట్రైలరుకును ఇదియే నియమము. నిండుబండి బరువులో 10 మొదలు 15 వంతులు నూటికి, కారునకు తగిలించు కొక్కెముపై పడవలెను. 2,000 కిలోల బండియైనచో కొక్కెముపై 200 మొదలు 300 కిలోలు ఉండవలెనన్నమాట. అంతకు తగ్గినచో వేగము హెచ్చినకొలది బండి తోకవలె అటునిటు ఊగి, తుదకు కారును గూడ త్రోవ తప్పించును.

చిక్కేమనగా, పొగ దూరముగ పోవుటకై అందరును పొయ్యిని బండి వెనుక వసారాలో నిలుపుదురు. అరటన్ను ఇనుము తోకవద్ద చేరును. కావున ఇరుసులను కొంత వెనుకకు జరుపవలెను, లేదా శీతలపేటికవంటి బరువైన సామగ్రిని ముందుంచవలెను. బరువును లెక్కించి జత ఇరుసులును, చక్రములకు బ్రేకులును అమర్చవలెను. పూర్తియైన బండిని సామానుతో సహా తూకపురాతిపై నిలిపి చూడక రహదారి ఎక్కించుట సాహసము.

నీటి బరువు మరింత మాయగలది. ఉదయమున నింపిన 150 లీటర్ల మంచినీరు 150 కిలోలు తూగును. సాయంకాలమునకు ఆ నీరే మురికినీటి తొట్టిలోనికి చేరును. మంచినీటి తొట్టి ముందును, మురికినీటి తొట్టి వెనుకను ఉన్నయెడల, దినమంతయు అమ్మకము సాగునంతలో బండి తూకము తారుమారగును. ఉదయమున నెమ్మదిగా వచ్చిన బండియే రాత్రి తిరుగు ప్రయాణమున ఊగులాడును. అందువలన రెండు తొట్లును ఇరుసులకు సమీపముననే ఉండుట మేలు.

నీటిని గూర్చి మరియొక లెక్క కలదు. అమెరికా ఆహార నియమావళి ప్రకారము మురికినీటి తొట్టి మంచినీటి తొట్టికంటె నూటికి 15 వంతులు పెద్దదిగా ఉండవలెను. 150 లీటర్ల మంచినీటికి కనీసము 173 లీటర్ల మురికితొట్టి కావలెను. గిన్నెలు తోముటకు, తొలుచుటకు, క్రిమిసంహారక జలమున ముంచుటకు మూడు అరల తొట్టి ఒకటి; చేతులు కడుగుకొనుటకు ప్రత్యేకముగ వేరొకటి. వంటలో వాడు పెద్దగిన్నె ఆ అరలలో ఇముడవలెను. బండి పూర్తియైన పిదప గిన్నె పట్టలేదని తెలిసినచో, కోయుటకు ఇనుమున్నది గాని ఇచ్చుటకు ధనముండదు. కావున మొదటి అతుకు పడకముందే నక్షాను ఆరోగ్యాధికారులకు చూపి, వారి ఆమోదము పొందుట వివేకము.

ఈ కడుగుడు వట్టి లాంఛనము కాదు. వండిన మాంసము 57 డిగ్రీలకు పైన గాని, 5 డిగ్రీలకు దిగువన గాని ఉండవలెను. నడిమి వేడిలో సూక్ష్మక్రిములు త్వరితముగ వృద్ధిపొందును. మిగిలిన మాంసమును చల్లార్చునపుడు 57 నుండి 21 డిగ్రీలకు 2 గంటలలోను, అచటినుండి 5 డిగ్రీలకు మరి 4 గంటలలోను దింపవలెనని నియమము. పెద్ద ముక్క లోపల వేడి ఎంతోసేపు నిలుచును గనుక దానిని చిన్నముక్కలుగా కోసి, లోతులేని పళ్ళెములలో పరచుదురు. ఆ పళ్ళెములు పట్టు శీతలపేటికకును నక్షాలో స్థానముండవలెను.

ఇక కంటికి కానరాని శత్రువు కార్బన్ మోనాక్సైడు. కట్టెలును బొగ్గులును మండునపుడు పుట్టు ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది చేరినచో మనిషి మత్తుగా కూలి ప్రాణము కోల్పోవును. అందుచేతనే నిప్పును గదిలో పెట్టక వెనుక వసారాలో పెట్టుట. వర్షము వచ్చినదని వసారాను నాలుగు వైపుల మూసివేయరాదు. గదిలో ఈ వాయువును పసిగట్టి మ్రోగు పరికరము నుంచవలెను. నూనెపొయ్యి కూడ ఉన్నచో దానిపై పొగ లాగు గొడుగును, నూనెమంటలను ఆర్పుటకు తగిన పరికరమును కావలెను. నూనెమంటపై నీరు చల్లినచో అది ఎగసిపడును. నిప్పు పూర్తిగా చల్లారకుండ బండిని రహదారిమీదికి తీయరాదు.

ఇన్ని ఎరిగినవారు బండి కట్టుటకు పూర్వము ఒక చిన్న పని చేయుదురు. నేలమీద సుద్దముక్కతో బండి కొలతలు గీచి, పొయ్యి, తొట్టి, బల్ల ఉండు చోట్లను గుర్తించి, ఇద్దరు మనుషులు అందు నిలిచి అమ్మకమును నటింతురు. ఒకడు మాంసము తెచ్చును, ఒకడు కోసి వడ్డించును. ఇరువురి భుజములు రాసికొన్నచో గీతను చెరిపి తిరిగి గీయుదురు. బండి అడుగు నేలకు రెండడుగుల ఎత్తున నుండును గనుక, లోపల నిలిచినవానికి అనువైన బల్ల వెలుపలి పిల్లవానికి తలమీదుగ నుండును. కావున కిటికీ వెలుపల దిగువన మరియొక పలక వేయుదురు. సుద్దగీతకు ఖర్చు లేదు.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. మన ఇండ్లవారు అచటికి చుట్టపుచూపుగా పోవుటయు, వారితోకూడ ఇట్టి బండివద్ద వరుసలో నిలుచుటయు నేడు సామాన్యమే. అట్టి వేళ కిటికీలోని పళ్ళెమునే గాక, ఒకమారు బండి చుట్టును నడచి చూడుడు. నిప్పు ఎచటనున్నది, పొగ ఎటుపోవుచున్నది, వడ్డించువాడు చేతులు ఎచట కడుగుకొనుచున్నాడు? ఈ ప్రశ్నలు మన వీధిమలుపు బండికిని వర్తించును. మూడింటికిని తిన్నని జవాబు దొరికిన బండివద్ద నిస్సంకోచముగ తినవచ్చును.