ఐవీఎఫ్ వేళ... చెవిలో ఓ పాట

‘‘డాక్టరుగారూ, నేను టెన్షన్ పడటం వల్లే పిండం నిలవలేదట. నిజమేనా?’’

బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఓ ముప్ఫై ఏళ్ల మహిళ అడిగిన ప్రశ్న ఇది. మొదటిసారి ఐవీఎఫ్ విఫలమైంది. రెండోసారికి సిద్ధమవుతున్నారు. ఆ మాట అన్నది అత్తగారో, ఆడపడుచో నేను అడగలేదు.

కాదనే చెప్పాను. 14 అధ్యయనాల్లోని 3,583 మంది మహిళల వివరాలను కలిపి చేసిన విశ్లేషణ 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. చికిత్సకు ముందు ఆందోళన, దిగులు ఉన్నంత మాత్రాన గర్భం వచ్చే అవకాశం తగ్గినట్టు అందులో తేలలేదు. ‘మనసు ప్రశాంతంగా ఉంచుకుంటే అదే నిలుస్తుంది’ అనడం సలహా కాదు, నింద.

మరి సంగీతం ఎందుకంటారా? ఆ బాధ తగ్గాలి కాబట్టి. పది పన్నెండు రోజుల ఇంజెక్షన్లు, మధ్యలో స్కానింగులు, అండాల సేకరణ, పిండం బదిలీ. ఆపైన రక్తపరీక్ష దాకా దాదాపు రెండు వారాల ఎదురుచూపు. ఇదే అన్నిటికన్నా కష్టమంటారు చాలామంది. ఆపరేషన్‌కు ముందు పాటలు వింటే ఆందోళన తగ్గవచ్చని 26 అధ్యయనాలను పరిశీలించిన 2013 నాటి కాక్రేన్ సమీక్ష చెబుతోంది.

అయితే ఫలానా రాగం వింటే సంతానం కలుగుతుందన్న ప్రచారానికి ఆధారాల్లేవు. వాటికోసం డబ్బు పోయొద్దు. అన్నమయ్య కీర్తనైనా, ఇళయరాజా పాటైనా మీకు నచ్చిందే మంచిది. ఇంజెక్షన్‌కు ముందు పావుగంట, రాత్రి పడుకోబోయే ముందు అరగంట, తక్కువ సౌండుతో వినండి. జోలపాటలు కొందరిని మరింత ఏడిపిస్తాయి. అలాంటివి తీసేయండి. పిండం బదిలీకి సాధారణంగా మత్తు ఇవ్వరు, మెలకువగానే ఉంటారు. అప్పుడు పాట పెట్టుకోవచ్చేమో ముందే అడగండి. మందులు మాత్రం ఒక్కపూట కూడా మానొద్దు.

నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే పాటలతో సరిపెట్టుకోకుండా సైకియాట్రిస్టును కలవాలి. టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఆమె మొన్న మళ్లీ వచ్చారు. భర్త ఫోన్‌లో ఘంటసాల పాటలు ఎక్కించి ఇచ్చారట. రాత్రిళ్లు చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నారు. బీపీ 126/80 ఉంది. రక్తపరీక్షకు ఇంకా తొమ్మిది రోజులుంది.