పిల్లోడి పేరు ఎక్కడ రాయించాలి?

పోయిన శ్రావణంలో మా పెద్దోడికి టైఫాయిడ్ వచ్చింది. వాడు చింతామణిలో హాస్టల్లో ఉండి బీకాం చదువుతున్నాడు. చిక్కబళ్ళాపురానికి పిలుచుకొచ్చి ఈఎస్ఐ డాక్టరు దగ్గరికి పోతే, కార్డులో వాడి పేరు లేదన్నారు. మా ఆయన ఈ మిల్లులో చేరినప్పుడు నా పేరు, పాప పేరు రాయించి, "వాడు హాస్టల్లో ఉంటాడు కదా" అని వదిలేసినాడంట. చివరికి ప్రైవేటు ఆసుపత్రికి పోయి 8 వేలు ఖర్చు పెట్టినాం. అది అప్పే.

ఆ అప్పు తీర్చే దారి వెతుకుతుంటే బాగేపల్లి నుంచి మా తమ్ముడు వచ్చి, "అక్కా, కాలేజీ చదివే పిల్లోడుంటే ఇన్‌కంటాక్సు రిటర్నులో చూపించి డబ్బు తెప్పిస్తారంట, ఒక ఏజెంటు ఉన్నాడు" అన్నాడు. వాడు అడిగింది 1,500. ఐదు వందలు అడ్వాన్సు, పాన్, ఆధార్ జెరాక్సులు ఇచ్చి వచ్చినాం. హాస్టలు ఖర్చు కూడా ఫీజు కిందే రాస్తానన్నాడు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

మిల్లు ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయిని అడిగితే నవ్వింది. "అక్కా, అన్న జీతం నెలకు 19 వేలు. పన్ను పట్టుకున్నది ఎప్పుడు, తిరిగొచ్చేది ఎప్పుడు?" అంది. నిజమే కదా! రీఫండ్ అంటే ముందు మన దగ్గర పట్టుకున్న పన్నులో ఎక్కువైంది వెనక్కి ఇవ్వడం. పట్టుకోని డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ అమ్మాయి కూర్చోబెట్టి చెప్పిన సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

అమెరికాలో తల్లిదండ్రులు 24 ఏళ్ళ లోపు కాలేజీ బిడ్డను మా మీద ఆధారపడినవాడని రిటర్నులో చూపించి, 500 డాలర్ల వరకు పన్ను తగ్గించుకోవచ్చంట. మన రిటర్నులో అట్లా బిడ్డ పేరు చూపించి పన్ను తగ్గించుకునే వీల్లేదు. మనకు ఉన్నది ఫీజు లెక్క. అందరూ 80సీ అంటారే, అది. అందులో మన దేశంలోని బడి, కాలేజీల్లో ఫుల్‌టైం చదివే ఇద్దరు బిడ్డల ట్యూషన్ ఫీజు చూపించవచ్చు. హాస్టలు, బస్సు, డొనేషన్ చెల్లవు. పీఎఫ్‌తో కలిపి మొత్తం లక్షన్నర దాటకూడదు. అదీ పాత పద్ధతి ఎంచుకున్నవాళ్ళకే. కొత్త పద్ధతిలో 2025-26 నుంచి జీతగాళ్ళకు ఏడాదికి 12 లక్షల 75 వేల వరకు పన్నే లేదు. మన మిల్లుల్లో ఎక్కువమందికి ఆ ఫీజు లెక్కతో పనే పడదు.

తప్పుడు లెక్క రాయించుకుంటే నోటీసు ఏజెంటుకు రాదు, పాన్ ఎవరిదో వాళ్ళకే వస్తుంది. ఇంకో మాట, పిల్లోడికి 18 నిండినాక వాడు సంపాదించేది వాడి లెక్కే, తండ్రి రిటర్నులో కలపరు.

మరి కాలేజీ పిల్లోడి పేరు ఎక్కడ రాయించాలి? ఈఎస్ఐలో. నెలకు 21 వేల లోపు జీతం ఉన్నవాళ్ళ దగ్గర నూటికి 75 పైసలు పట్టుకుంటారు, మిల్లు 3 రూపాయల 25 పైసలు కడుతుంది. మన మీదే ఆధారపడి చదువుకునే కొడుక్కి 21 ఏళ్ళు నిండేదాకా వైద్యం ఉంటుంది. కూతురికి పెళ్ళయ్యేదాకా ఉంటుంది. డిగ్రీ మధ్యలో కొడుక్కి 21 నిండితే మాత్రం చదువుతున్నాడన్నా ఒప్పుకోరు. అందుకే ఆ వయసు రాకముందే చూపించాల్సినవి చూపించుకోవాలి. పనిలో ప్రమాదం జరిగి ఇంటి మనిషి పోతే వచ్చే పింఛను వేరే. అది కొడుక్కి 25 ఏళ్ళ దాకా ఉంటుంది.

ఏజెంటు దగ్గరికి పోయి మా జెరాక్సులు వెనక్కి తెచ్చుకున్నాం. ఐదు వందలు మాత్రం ఇవ్వలేదు. పోతే పోనీ అనుకున్నాం. మరుసటి రోజే మా ఆయన పెద్దోడి ఆధార్ తీసుకొని మిల్లు ఆఫీసుకు పోయినాడు. వాళ్ళు కంప్యూటర్లో ఎక్కించినారు. పైసా ఖర్చు కాలేదు. ఆ పని ముందే చేసుంటే ఆ 8 వేల అప్పు ఉండేది కాదు.

అమ్మలూ, ఈ పొద్దే పెట్టె తెరిచి మీ ఈఎస్ఐ కార్డు తీయండి. అందులో ఎవరి పేర్లున్నాయో పిల్లలతో చదివించుకోండి. మిల్లు మారినవాళ్ళు, బిడ్డ హాస్టల్లో ఉన్నవాళ్ళు ముఖ్యంగా చూడండి. హాస్టల్లో ఉన్నా వాడు మన బిడ్డే, వాడి పేరూ మన కార్డులో ఉండాల్సిందే.