పడమటి మండలాల్లో పచ్చిక

లాన్‌కు వాడే గడ్డిలో రెండు తెగలున్నాయి. కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రైగ్రాస్ చలి తెగవి. 15 నుంచి 24 డిగ్రీల వేడిలో ఏపుగా పెరుగుతాయి. గరిక, కొరియన్ గ్రాస్ ఎండ తెగవి. 27 నుంచి 35 డిగ్రీలుంటే వాటికి పండగే. ఈ తేడా ఆకు లోపలిది. ఎండ ముదిరేకొద్దీ చలి తెగ ఆకు కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకోవడం పెరుగుతుంది, చేసుకున్న ఆహారంలో కొంత అలా వృథా అవుతుంది. గరికకు ఆ నష్టాన్ని తప్పించుకునే ఏర్పాటుంది. చెరకు, జొన్న, రాగి కూడా గరిక పద్ధతివే. వరి, గోధుమ చలి గడ్డి పద్ధతివి.

చలి గడ్డి ఏడాది ఎలా నడుస్తుందో చూడాలంటే తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడిన న్యూజెర్సీకి వెళ్లాలి. అక్కడ విత్తనం చల్లేది ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది కనుక త్వరగా మొలుస్తుంది, గాలి చల్లబడుతుంది కనుక మొలక మాడిపోదు. రైగ్రాస్ వారం పది రోజుల్లో కనిపిస్తుంది. బ్లూగ్రాస్‌కు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ముఖ్యమైన ఎరువు కూడా ఆ కాలంలోదే. నేల గడ్డకట్టే రోజుల్లో వేసిన ఎరువు కొట్టుకుపోయి వాగుల్లో చేరుతుందని, 2011లో వచ్చిన రాష్ట్ర చట్టం ఇళ్లవాళ్లు నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా లాన్‌కు ఎరువు వేయకూడదంది. జులై, ఆగస్టుల్లో గడ్డి గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది. దాన్ని చావు అనుకుని తవ్వేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. నిజంగా చంపేది వేర్లు కొరికే తెల్ల పురుగు. జపనీస్ బీటిల్ అనే పెంకుపురుగు పిల్ల అది. అమెరికాలో ఆ పురుగు మొదట దొరికింది కూడా 1916లో, ఆ రాష్ట్రంలోని రివర్టన్‌లోనే.

ఇక చిత్తూరు సీమ పడమటి మండలాల్లో, మదనపల్లె పక్కనున్న కురబలకోట సంగతి. మదనపల్లె పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు. పుంగనూరు, కుప్పం వైపు కూడా ఎత్తు నేలే. ధనుర్మాసంలో తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు. ఆ చలిని నమ్ముకుని ఆన్‌లైన్‌లో ఫెస్క్యూ విత్తనం తెప్పించినా డబ్బు దండగే. గడ్డి బతుకును తేల్చేది డిసెంబరు కాదు, ఏప్రిల్, మే. అప్పుడు పగటి వేడి 38 డిగ్రీల దాకా పోతుంది. కడప కలెక్టరుగా చేసిన హార్స్లీ వేసవి విడిదికి ఎంచుకున్న ఏనుగు మల్లమ్మ కొండ, ఇప్పటి హార్స్లీ హిల్స్, 1,265 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడా వేసవి పగళ్లు 30 డిగ్రీలకు చేరతాయి. ఈ సీమకు తగిన లాన్ గరికే.

నాటడానికి తొలకరి మంచి అదను. ఎర్ర ఇసుక నేలలో నీరు నిలవదు, గరికకు అదే కావాలి. కానీ బలం తక్కువ కనుక అడుగు లోతు తవ్వి బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. అంతకన్నా ముఖ్యం తుంగను ఏరడం. ఒకసారి తవ్వి, తడిపి, మొలకెత్తనిచ్చి, గడ్డలతో సహా మళ్లీ తవ్వి తీయాలి. ఈ పని ఎగ్గొట్టి నాటిన లాన్ రెండో ఏటికి తుంగ తోటే. గరికకు విత్తనం అవసరం లేదు. రెండు మూడు కణుపులున్న తీగ ముక్కలను అరచేయి వెడల్పు దూరంలో, ఒక కణుపు మట్టిలోకి పోయేలా గుచ్చితే చాలు. మామిడి, చింత నీడలో మాత్రం ఎంత పోషించినా పలచబడిపోతుంది.

కోతకు ఒకటే సూత్రం: ఒక్కసారికి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు. మూడు సెంటీమీటర్లు ఉంచాలనుకుంటే నాలుగున్నరకు రాగానే మిషన్ తీయాలి. వర్షాకాలంలో వారానికోసారైనా తప్పదు. బద్ధకించి జానెడు పెరగనిచ్చి నున్నగా గొరిగితే పైనున్న ఆకంతా పోయి పసుపు కాడలే మిగులుతాయి. మొద్దుబారిన బ్లేడు ఆకును కోయదు, చీలుస్తుంది. మర్నాటికి లాన్ మీద తెల్లటి పొర కప్పినట్టుంటుంది. కోసిన తుక్కు సన్నగా ఉంటే అక్కడే వదిలేయవచ్చు, అదీ ఎరువే. యూరియా సెంటుకు అరకిలో లోపే, జూన్ నుంచి అక్టోబరు మధ్య విడతలుగా, చల్లిన వెంటనే తడి ఇస్తూ వేయాలి.

చలి తెగకు ఇక్కడ చోటున్నది శీతాకాలంలోనే, అదీ అతిథిగా. నవంబరులో గరికను పొట్టిగా కోసి, సెంటుకు కిలో నుంచి రెండు కిలోల రైగ్రాస్ చల్లి, పళ్ల రేక్‌తో పైపైన కలిపి, మొలిచేదాకా రోజూ పలచగా తడిపితే ఫిబ్రవరి దాకా నిగనిగలాడుతుంది. ఢిల్లీలో చలికి గరిక పండబారిపోతుంది కనుక అక్కడ ఈ ఖర్చుకు అర్థముంది. మదనపల్లెలో దాని ఎదుగుదల మందగిస్తుందే గాని పచ్చదనం పూర్తిగా పోదు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే తోటలకు తప్ప ఇళ్లకు ఇది అనవసరపు సోకు. వేసినవాళ్లు ఫిబ్రవరి చివర్లో తడి తగ్గించి బాగా పొట్టిగా కోయాలి, లేదంటే గరిక చిగురుకు వెలుతురు అందదు.

వేసవిలో అసలు లెక్క నీళ్లది. రోజుకు అయిదు మిల్లీమీటర్ల తడి అంటే సెంటుకు రెండు వందల లీటర్లు. అయిదు సెంట్ల లాన్‌కు వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ. టమాటా తోటలే బోర్లు ఎండి కష్టపడే మండలాల్లో ఇది చిన్న మాట కాదు. స్నానాల నీళ్లు మళ్లించుకునే వీలుంటే కొంత నయం. రోజూ చిలకరించడం కన్నా నాలుగైదు రోజులకోసారి వేళ్ల లోతుకు దిగేలా, తెల్లవారుజామున పెట్టడం మేలు. పైపై తడికి వేళ్లు పైపైనే ఉండిపోతాయి. నీళ్లు బొత్తిగా లేకపోతే గరికను ఎండనివ్వవచ్చు. ఆకు మాడినా నేలలోని దుంప తీగలు ప్రాణంతో ఉంటాయి. మెక్సికన్ గ్రాస్ పేరుతో చుట్టలుగా అమ్మే గడ్డి ఇంతగా ఓర్చుకోదు. తొలకరి పడి చిగురు కనిపించాక గుంటలు పడ్డ చోట్ల ఇసుక, మట్టి, ఎరువు సమంగా కలిపి వేలెడు మందం మించకుండా పరిచి, రోలరు నడిపితే నేల మళ్లీ సమంగా సర్దుకుంటుంది.