పల్లె పిల్లలు ఏ లెక్కలో వున్నారు?

ఒక అంగన్‌వాడీ కేంద్రం బాగా నడుస్తోందని దేన్ని చూసి చెప్పాలి? శాఖ దగ్గర దీనికి జవాబులు సిద్ధంగా వుంటాయి. నెలలో ఎన్ని రోజులు తెరిచారు, ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని బాలామృతం పాకెట్లు ఇచ్చారు, ఎంతమందిని తూచారు. ఇవన్నీ జరిగిన పనికి లెక్కలు. పిల్లకి ఏం ఒరిగిందన్నది వేరే లెక్క. మొదటి దాన్ని చూపించి రెండోది కూడా అయిపోయిందనిపించడం ఏ ప్రభుత్వ శాఖకైనా అలవాటే. అయితే ఆ అలవాటు వల్ల కనపడకుండా పోయే పిల్లలు ఎవరి పిల్లలు అన్నదే మా ప్రశ్న.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలయింది. ఆరేళ్లలోపు పిల్లలకూ, గర్భిణులకూ, బాలింతలకూ తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, బడికి ముందు చదువు అందించడం దాని పని. చాలాకాలం కొలత ఒక్కటే: ఎన్ని కేంద్రాలు పెట్టారు? ఎక్కడ పెట్టారన్నది గట్టిగా ముందుకొచ్చింది 2001లో సుప్రీంకోర్టుకి వెళ్లిన ఆహార హక్కు కేసులోనే. దళిత, ఆదివాసీ ఆవాసాలన్నిట్లో వీలైనంత త్వరగా కేంద్రాలు వుండేట్లు చూడాలని 2004 అక్టోబరులో కోర్టు చెప్పింది. 2006 డిసెంబరు ఉత్తర్వులో 14 లక్షల కేంద్రాలకు గడువు పెడుతూ, ఈ ఆవాసాలకు ముందుగా ఇమ్మని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఒకే మాట రెండుసార్లు ఎందుకు చెప్పాల్సి వచ్చిందో పల్లెల్లో పుట్టినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

కేంద్రం ఊళ్లో వుంటే పల్లెకి దూరం ఎంత? గజాల్లో కొలిస్తే పెద్ద దూరం కాదు. మేం వెళ్లిన ఒక ఊళ్లో మాదిగపల్లె నుంచి కేంద్రానికి పది నిమిషాల నడక. రిజిస్టరులో పల్లె పిల్లల పేర్లు వున్నాయి. మేం కూచున్న పూట వచ్చిన పల్లె పిల్లలు ఇద్దరే. ‘‘పేర్లు రాసుకున్నం సార్, రమ్మంటే రారు’’ అంది కార్యకర్త. పల్లెకి పోయి అడిగితే ఒక ముసలమ్మ, ‘‘ఆడ మా పిల్లల్ని వారగా కూచోబెడతరు. వాళ్ల అమ్మ కూలికి పోతది, తోలుకపోను నాకా మోకాళ్లు లేవవు. ఎట్ల పంపుదు నాయనా’’ అంది. ఆ మాటలో కులమూ వుంది, కూలీ వుంది, మోకాళ్ల నొప్పీ వుంది. నెలవారీ నివేదికలో ఇది రాసే గడి లేదు.

ఇక బరువు సంగతి. మూడు కొలతలున్నాయి. వయసుకు తగ్గ బరువు వుందా, వయసుకు తగ్గ ఎత్తు వుందా, ఎత్తుకు తగ్గ బరువు వుందా. మొదటిది తేలిక, తక్కెడ వుంటే చాలు. రెండోది ఏళ్ల తరబడి సాగిన ఆకలినీ జబ్బుల్నీ చెబుతుంది, మూడోది ఇప్పటి ఆకలిని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం మూడేళ్లు నిండిన ఆడపిల్ల 10.8 కిలోలకు తక్కువ వుంటే బరువు తక్కువ కింద లెక్క. 10.7 వున్న పిల్ల వచ్చే నెల 10.9కి వస్తే పట్టికలో ‘మెరుగుపడింది’. రెండు వందల గ్రాములు! పొద్దున్నే అన్నం తినొచ్చిందో, ఉగ్గబట్టుకొచ్చిందో అంతకే తేడా వస్తుంది. నెల నెలా గీసే గీత ఎటు పోతోందో చూడకుండా, గీత దాటినవాళ్లని మాత్రమే లెక్కపెడితే వచ్చే ఫలితం ఇది.

అంతకన్నా పెద్ద చిక్కు భాగహారంలో వుంది. ఒక ఊళ్లో 40 మంది పిల్లలున్నారనుకుందాం. తూచింది 30 మందిని, అందులో బరువు తక్కువ 6గురు. అంటే 20 శాతం. తూచని పదిమందీ పల్లె పిల్లలే, అందులో 5గురు బరువు తక్కువ అనుకుంటే అసలు లెక్క 40కి 11, అంటే 27.5 శాతం. రాని పిల్ల వల్ల కేంద్రం లెక్క చెడదు, బాగుపడుతుంది. ఎవర్ని కలుపుకోవాలో వాళ్లని వదిలేసినందుకు మంచి మార్కులొచ్చే కొలత ఇది.

ఇది మా ఊహ మాత్రమే అనేవాళ్లు రెండు ప్రభుత్వ లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఎంపిక చేసిన ఇళ్లకే పోయి తూచే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో అయిదేళ్లలోపు పిల్లల్లో బరువు తక్కువవాళ్లు 32.1 శాతం అంది. అంగన్‌వాడీల్లో తూచిన బరువులు చేరే పోషణ్ ట్రాకర్ 2024లో సుమారు 17 శాతం అంది. సంవత్సరాలు వేరు, కొలిచే తీరు వేరు, కొంత మెరుగుదల నిజమే కావొచ్చు. కానీ ఇంత తేడాకి అదొక్కటే కారణమంటే నమ్మడం కష్టం. పైగా బరువు తక్కువ పిల్లలు ఎక్కువ కనిపిస్తే పైవాళ్లు సంజాయిషీ అడిగేది కార్యకర్తనే. గౌరవ వేతనం మీద బతికే ఆమె, చాలాచోట్ల తానూ దళిత స్త్రీయే, పెన్సిల్‌తో ఏం చెయ్యాలి?

సగటు కూడా దాచేదే. 2015-16 సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు దేశం మొత్తంలో 38.4 శాతం. షెడ్యూల్డు కులాల్లో 42.8, షెడ్యూల్డు తెగల్లో 43.8, ఏ రిజర్వేషన్ జాబితాలోనూ లేని ‘ఇతరుల్లో’ 31.2. మొత్తం సగటు తగ్గుతూనే ఈ మధ్య దూరం అట్లాగే వుండిపోవచ్చు. అప్పుడు పథకం గెలిచినట్టా?

2025లో ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. పాకెట్ ఎవరి చేతికి పోయిందో అది పట్టుకుంటుంది, ఆ పాకెట్‌ని ఇంట్లో ఎందరు పంచుకున్నారో పట్టుకోదు. మళ్లీ పని లెక్కే, యంత్రం మాత్రం కొత్తది.

మేం అడిగే కొలత ఇంతకన్నా చవక. రిజిస్టరుతో మొదలు పెట్టొద్దు, పల్లెలో ఇంటింటికీ పోయి పుట్టిన పిల్లలందర్నీ రాయండి. ఆ సంఖ్యతో భాగించండి. తూచని పిల్లని ‘లేదు’ అని కాకుండా ‘తూచలేదు’ అని రాయండి, ఎందుకు తూచలేదో పక్కన రాయండి. ఊరి పిల్లల లెక్కా పల్లె పిల్లల లెక్కా ఒకే కాగితం మీద వేరువేరుగా వేసి, ఏడాదికోసారి పల్లెలో నిలబడి చదవండి. ఆ ముసలమ్మ లాంటివాళ్లు అక్కడే వుండి, ఏ పేరు తప్పిపోయిందో చెబుతారు.