ముఖానికొక ఆతపత్రం

సంస్కృతంలో ఆతపమంటే ఎండ. ఎండనుండి కాపాడేది ఆతపత్రం. గొడుగుకు ఈ పేరు మన కావ్యాలలో తరచుగా కనిపిస్తుంది. రాజుల శిరస్సులపై పట్టే శ్వేతచ్ఛత్రం అధికారచిహ్నమైతే, సామాన్యునికి తలగుడ్డే ఆతపత్రం. నేడు గొట్టాలలోను, సీసాలలోను లభించే సన్‌స్క్రీన్ అనే లేపనం కూడా ఒక విధమైన ఆతపత్రమే. అయితే గొడుగు ఎవరు పట్టుకున్నా ఒకే విధమైన నీడనిస్తుంది. లేపనం అట్లా కాదు. ఒకరి ముఖానికి హాయిగా ఉన్నది మరొకరికి మొటిమలు తెప్పిస్తుంది; వేరొకరి ముఖంపై సున్నం పూసినట్లు తెల్లగా మిగులుతుంది. కనుక దీనిని ఎంచుకొనేటప్పుడు ప్రకటనలను కాక, ఎవరి చర్మాన్ని వారు ముందుగా చూచుకోవలసి ఉంటుంది.

పేరులోనే ప్రొద్దును నిలుపుకున్న ప్రొద్దుటూరు మొదలుకొని జమ్మలమడుగు, తొండూరు, పులివెందుల వరకు గల నేల ఎండకు పెట్టింది పేరు. ఈ ప్రాంతం భూమధ్యరేఖకు ఉత్తరంగా పదునాలుగున్నర డిగ్రీల దాపున ఉంది. అందువలన సూర్యుడు ఏటా రెండుసార్లు, ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు నడిమి రోజులలో మరొకసారి, మధ్యాహ్నవేళ సరిగ్గా మన నడినెత్తిపైకి వస్తాడు. ఆ క్షణంలో నిలువుగా నాటిన కర్రకు నీడ పడదు. ఏప్రిల్ ఎండకు జడిసే మనం ఆగస్టు ఎండను లెక్కచేయము. మబ్బు పట్టింది కదా, గాలి చల్లగా ఉంది కదా అనుకుంటాము. కాని చర్మాన్ని ప్రధానంగా మార్చేది వేడి కాదు. సూర్యకాంతిలో కంటికి కనిపించని ఒక భాగం.

ఆ భాగాన్ని 1801లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ కనుగొన్నాడు. వీటినే అతినీలలోహిత కిరణాలు అంటున్నాము. వీటిలో అత్యంత ప్రమాదకరమైన సి రకాన్ని వాతావరణంలోని ఓజోను పొర పైననే అడ్డుకుంటుంది. బి రకం చాలవరకు ఆగిపోయినా కొంత మనదాకా వస్తుంది. చర్మం ఎర్రబడి మండడానికి అదే ప్రధాన కారణం. ఎ రకం చర్మంలో మరింత లోతుకు చొచ్చుకొనిపోయి నలుపును, ముడుతలను తెస్తుంది. బి రకాన్ని కిటికీ అద్దం దాదాపు ఆపుతుంది. ఎ రకం అద్దంలోనుండి చాలవరకు వచ్చేస్తుంది. బస్సులో తూర్పు కిటికీ ప్రక్కన రోజూ కూర్చుండి కళాశాలకు వచ్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పలుచని మేఘాలు కూడా ఈ కిరణాలను పూర్తిగా ఆపలేవు.

ఎండ తీవ్రతను కొలవడానికి పరికరమేదీ అవసరం లేదు. ఆరుబయట నిలిచి మీ నీడను చూచుకోండి. నీడ మీ ఎత్తుకన్న పొట్టిగా ఉన్నదంటే కిరణాలు బలంగా ఉన్నాయని అర్థం. నీడ పొడవుగా సాగిన సాయంకాలం ఎంత ఉక్కగా ఉన్నా చర్మానికి అంత భయం లేదు.

ఇక చర్మం సంగతి. సుశ్రుతుడు చర్మానికి ఏడు పొరలు చెప్పి, అన్నింటికన్న పైదానికి ‘అవభాసిని’ అని పేరు పెట్టాడు. దేహానికి గల రంగును వెల్లడించేది అదేనని అతని భావం. ఆ రంగుకు మూలమైన పదార్థాన్ని నేడు మెలనిన్ అంటున్నారు. మెలనిన్ కణకేంద్రంపై గొడుగువలె పరచుకొని కిరణాలను తానే పీల్చుకుంటుంది. అమెరికా వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఎండకు చర్మం స్పందించే తీరునుబట్టి ఒక వర్గీకరణ చేశాడు. మొదట అది తెల్లని చర్మాలకే పరిమితం. తరువాత గోధుమరంగు, నల్లని చర్మాలను చేర్చగా ఆరు తరగతులైనాయి. భారతీయులలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతులలోకి వస్తారు. అంటే ఎండకు సులభంగా కాలము, సులభంగా నల్లబడతాము. పాశ్చాత్య దేశాలలో ఈ లేపనాలను చర్మపు క్యాన్సరు భయంతో వాడతారు. మనలో ఆ వ్యాధి వారితో పోలిస్తే చాలా తక్కువ. మనల్ని ఎక్కువగా బాధించేవి మంగు, మొటిమ మానిన చోట నెలల తరబడి నిలిచే నల్లమచ్చ, కొందరికి ఎండ తగలగానే లేచే దద్దుర్లు. కనుక ‘నల్లనివారికి ఇవి అక్కరలేదు’ అనే మాట సగమే నిజం.

ఫిట్జ్‌పాట్రిక్ చెప్పినది ఎండకు, చర్మానికి గల సంబంధం. లేపనం ఎంపికకు మరొక సంబంధం కూడా తెలియాలి. అది చర్మానికి, దానిలోని జిడ్డుకు గలది. తేలికపాటి సబ్బుతో ముఖం కడుగుకొని, మెత్తగా తుడుచుకొని, ఏమీ రాయకుండ ఒక గంట నీడపట్టున ఉండండి. ముఖమంతా మెరిస్తే అది జిడ్డు చర్మం. బిగుసుకొనిపోయి, నవ్వితే లాగినట్లుంటే పొడి చర్మం. నుదురు, ముక్కు, గడ్డం మాత్రమే మెరిసి చెంపలు మామూలుగా ఉంటే మిశ్రమ చర్మం. సబ్బు తగిలితేనే మంట, దురద పుట్టేది సున్నిత చర్మం. ఈ పరీక్షను ఏడాదికి రెండుసార్లైనా చేయాలి. మన ప్రాంతంలో మే నెలలో జిడ్డోడే ముఖమే డిసెంబరులో పొలుసు రేగుతుంది.

మీ వయసువారిలో జిడ్డు చర్మమే ఎక్కువ. అట్టివారు చిక్కని క్రీము జోలికి పోరాదు. చిక్కని నూనెపదార్థం స్వేదరంధ్రాల ప్రక్కనే ఉండే జిడ్డుగ్రంథుల నోళ్లను మూసి మొటిమలను పెంచుతుంది. నీటివంటి జెల్, పలుచని ద్రవం వీరికి తగినవి. పెట్టెపై ‘నాన్ కొమెడోజెనిక్’ అనే మాట ఉన్నదేమో చూడాలి. రంధ్రాలను మూయదని దాని అర్థం. మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలుగాని, రెటినాయిడ్ లేపనంగాని వాడుతున్నవారికి ఎండ మామూలుకన్న త్వరగా తగులుతుంది. వారికి ఈ రక్షణ అలంకారం కాదు, చికిత్సలో భాగమే.

పొడి చర్మానికి దీనికి విరుద్ధం. జెల్‌లలో తరచుగా ఉండే ఆల్కహాలు ఉన్న తేమనుకూడ లాగివేస్తుంది. గ్లిజరిన్ వంటివి గల క్రీము వీరికి మేలు. మిశ్రమ చర్మంవారు లోషన్‌తో సరిపెట్టుకోవచ్చు. సున్నిత చర్మంవారు సువాసన కలపనిదానిని, జింక్ ఆక్సైడ్ ప్రధానంగా గలదానిని ఎంచుకోవడం క్షేమం. ఏదైనా కొత్తది కొన్నప్పుడు ముఖానికి రాయకముందు చెవి వెనుకగాని, మోచేతి మడతలోగాని రెండు మూడు రోజులు రాసి చూడాలి.

జింక్ ఆక్సైడ్ వలన ఒక చిక్కున్నది. అది తెల్లని పొడి. చామనచాయ ముఖంపై బూడిద పూసినట్లు కనిపిస్తుంది. ఆ కారణంగా మన పిల్లలు దానిని బొత్తిగా పలుచగా రాసి, పని కాలేదని నిందిస్తారు. అది గిట్టనివారు కిరణాలను పీల్చే రసాయనాలు గల లేపనాలను వాడవచ్చు. అవి పారదర్శకంగా ఉంటాయి. మంగు ఉన్నవారి విషయం వేరు. మంగును కంటికి కనిపించే వెలుతురు కూడ పెంచుతుంది. దానిని మామూలు లేపనాలు ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్ కలిపి, చర్మపు వన్నెలో తయారుచేసిన రంగు లేపనాలు వారికి ఎక్కువ ఉపయోగపడతాయి.

దుకాణంలో అందరి చూపూ పడేది ఎస్.పి.ఎఫ్. అనే అంకెపైన. ఇది బి రకం కిరణాలనుండి లభించే రక్షణకు ప్రధానమైన కొలత. 15 అంకె గలది చర్మాన్ని ఎర్రబరిచే కిరణాలలో నూటికి సుమారు 93 వంతులను, 30 గలది 97 వంతులను, 50 గలది 98 వంతులను ఆపుతుంది. 30నుండి 50కి ధర పెరిగినంతగా రక్షణ పెరగదని దీనివలన తెలుస్తున్నది. ఎ రకానికి ఈ అంకె చాలదు. జపానులో 1996లో మొదలైన పి.ఎ. అనే గుర్తు ప్రక్కన ప్లస్‌లు ఎన్ని ఎక్కువైతే ఆ రక్షణ అంత ఎక్కువ. ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అనే మాట ఉన్నా రెండు రకాలనూ ఆపుతుందని గ్రహించాలి. నిత్యం కళాశాలకు వచ్చిపోయేవారికి 30 అంకె, బ్రాడ్ స్పెక్ట్రమ్ అనే మాట, తమ చర్మానికి నప్పే తీరు ఉంటే చాలు. తక్కిన ధర చాలవరకు పేరుకు, పెట్టెకు, పరిమళానికి చెల్లించేదే.

ఈ అంకెలన్నీ చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున రాసి లెక్కించినవి. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలుగా పిండితే సుమారు ఒక గ్రాము వస్తుంది. ముఖానికి, మెడకు కనీసం అంత కావాలి. ఆ లెక్కన 50 గ్రాముల గొట్టం రోజుకు ఒకసారి రాస్తే నెలా ఇరవై రోజులకు అయిపోవాలి. ఒకే గొట్టం ఏడాది వచ్చిందంటే అది పొదుపు కాదు, రాయలేదని అర్థం. 50 అంకె గలదానిని శెనగగింజంత రాయడంకన్న 30 గలదానిని నిండుగా రాయడం మేలు.

రాసినది నిలవదుకూడ. మన జిల్లాలోని కోకట గ్రామాన్ని అగ్రహారంగా పొందిన అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుని కథ మీకు తెలిసినదే. సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో హిమాలయానికి వెళ్ళిన ప్రవరుడు, మధ్యాహ్నపు ఎండకు కరిగిన మంచులో ఆ లేపం కొట్టుకొనిపోగా తిరిగి ఇల్లు చేరే దారి కానక తల్లడిల్లాడు. ముఖలేపం గతీ అంతే. చెమట పట్టి, చేతిరుమాలుతో రెండుసార్లు తుడుచుకుంటే చాలు, పోతుంది. బయలుదేరడానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు రాసుకోవాలి. ఆటస్థలంలోగాని, పొలంలోగాని ఉన్నప్పుడు రెండు గంటలకొకసారి చెమట తుడుచుకొని తిరిగి రాసుకోవాలి. తరగతి గదిలో ఉండేవారికి ఉదయం ఒకసారి, మధ్యాహ్నం బయట తిరగవలసివస్తే మరొకసారి సరిపోతుంది.

రోజంతా వేరుసెనగ చేనిలో కలుపు తీసే తల్లికి రెండు గంటలకొకసారి లేపనం రాయడం సాధ్యమా? ఆమెకు ఆ అవసరమూ అంతగా లేదు. చీరపై పొడుగుచేతుల మగచొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టి, కొంగు చెంపలమీదుగా లాగి పనిచేసే మన పల్లె స్త్రీలు ఏ పుస్తకమూ చదవకుండానే మేలైన పద్ధతిని కనుగొన్నారు. ఒత్తుగా నేసిన గుడ్డ చెమటకు కొట్టుకొనిపోదు. పలుచనిది, తడిసి ఒంటికి అంటుకున్నది మాత్రం తక్కువ రక్షణనిస్తుంది. నీడ, గుడ్డ, వేళ అనేవి ముందు, లేపనం తరువాత. గుడ్డ కప్పలేని భాగానికే లేపనం.

ఈ లేపనాలను కొందరు తెల్లబడడానికి వాడుతున్నారు. అవి ఉన్న రంగును కాపాడగలవేగాని కొత్త రంగును ఇవ్వలేవు. దేహచ్ఛాయనుబట్టి కృష్ణ అని పేరొందిన ద్రౌపదిని భారతం అసమాన సౌందర్యవతిగానే చూపింది. తెలుపు కోసం స్టెరాయిడ్ కలిసిన క్రీములను నెలల తరబడి పూసుకున్నవారి చర్మం పలుచబడి, ఎర్రబారి, చివరకు ఏ ఎండకూ తట్టుకోలేని స్థితికి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నియమించింది. నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళ్ళడం మరొక అలవాటు. ఆ రసంలోని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని బొబ్బలెక్కించి నల్లమచ్చలను మిగులుస్తాయి. పసుపు, శెనగపిండి ముఖాన్ని శుభ్రపరుస్తాయి. కిరణాలను అడ్డుకొనే పని వాటికి అప్పగించరాదు. మచ్చ నానాటికీ పెరుగుతుంటే దుకాణదారుని అడుగక చర్మవైద్యుని చూడాలి.

కొనేటప్పుడు గడువు తేదీ చూచుకోవాలి. ఇంటికి తెచ్చిన గొట్టాన్ని కిటికీ గట్టుమీద గాని, ఎండలో నిలిపిన మోటారు సైకిలు పెట్టెలో గాని ఉంచరాదు. మన వేసవి వేడికి లేపనం విరిగి నీరు, నూనె వేరుపడతాయి. అట్లా విడిపోయినదానిని, వాసన మారినదానిని గడువు మిగిలి ఉన్నా పారవేయాలి.